దారి తీసినవాడు

ముప్పై ఒక్క వసంతాలు
సుర్‌లాయ్ కనుమ మీద మంచు తోడిన మనిషి
ఇవాళ మొదటిసారి
ఊరికే పోతున్నాడు దాని మీదుగా.

వెనక సీట్లు పీకేసిన పాత వ్యానులో
ఒక పరుపు, గ్యాసు పొయ్యి, రెండు దుప్పట్లు,
నేను కాల్చిన అక్రోటు రొట్టె,
వద్దంటున్నా ఆయన వేసుకొచ్చిన పార.
"ఇది జూలై, యాకెన్" అన్నాను.
"కొండకి క్యాలెండరు చదవడం రాదు, ఊర్సినా" అన్నాడు.

మలుపు మలుపుకీ కూత పెడుతూ
పసుపుపచ్చ తపాలా బస్సు ఎదురొచ్చింది,
డ్రైవరు కుర్రాడు ఈయన్ని గుర్తుపట్టి రెండు వేళ్లెత్తాడు.
మోటారుసైకిళ్ల వాళ్లు తిట్టుకుంటూ దాటిపోయారు.
ఈయన ఇరవైలోనే పోతున్నాడు,
చూపు రోడ్డు మీద లేదు, రోడ్డు పక్కన ఉంది.
"ఇక్కడ ఇంత పచ్చికుందా?" అంటాడు.
"ఈ వంకలో నీళ్లు పారతాయా?" అంటాడు.

ఆయన ఎరిగిన కొండ వేరు.
అటూ ఇటూ ఆరు మీటర్ల తెల్లగోడ,
మధ్యలో బ్లేడు వెడల్పున నల్లగా రోడ్డు.
మే నెలాఖరుకి దారి తేలగానే
తాళాలు అప్పగించి లోయలోకి దిగిపోయేవాడు,
వంటంతా చేసి
రుచి చూడకుండా చెయ్యి కడుక్కున్నట్టు.

పదిహేడో మలుపులో
చెప్పకుండానే బండి ఆపాడు.
ఇంజను ఆపాడు. అద్దం దించాడు.
ఎర్రగా పూసిన పొదలు తప్ప ఏమీ లేదక్కడ.
బండమీది మార్మోట్ ఒక్క ఈల వేసి
బొరియలో దూరింది.

అది ఆయన ఉద్యోగంలో తొమ్మిదో మార్చి.
పై వాలు విరిగి జారి
లినార్డ్‌ని బండితో సహా పట్టుకుపోయింది.
ఆ పొద్దు ఆ బండి ఎక్కవలసింది ఎవరో
మా ఇంట్లో పైకి అనం.
జూన్‌లో దొరికాడు లినార్డ్,
చేతికి ఒక తొడుగుతో.

పార తీసుకుని దిగాడీయన.
నా గుండె ఝల్లుమంది.
రోడ్డు మీదికి దొర్లిన రాళ్లని
ఒక్కొక్కటే అంచుకి తోసి,
పారని గడ్డికి తుడిచి,
వచ్చి కూర్చుని
"పద" అన్నాడు,
నడిపేది తనే అయినా.

ఆవులు తోలుకునే ఫ్లావియా
తన పాక వెనక ఒక్క రాత్రికి చోటిచ్చింది,
పొయ్యి గడ్డికి తగలనివ్వొద్దని రెండుసార్లు చెప్పి,
చెంబెడు పాలు పోసి.
బార్లీ సూపు ఉడుకుతుంటే
పక్క గుడారంలోని పిల్లాడొచ్చి అడిగాడు:
"రోడ్డు పక్కన ఆ కర్రలెందుకు తాతా?"
"మంచు కమ్మేస్తే దారెక్కడుందో చెప్పడానికి."
"ఎవరికి చెబుతాయి?"
ఈయన గరిటె తిప్పుతూనే
"ఎవరో ఒకడికి" అన్నాడు.

రాత్రి మూడింటికి లేచాడు.
ఆ గంటకి లేవడం ఒంటికి అలవాటు.
చీకట్లో బూట్లు తడుముకుని, టోపీ పెట్టుకుని,
తలుపు లాగి
అక్కడే నిలబడిపోయాడు.
కింద తోడడానికి ఏమీ లేదు.
పైన మాత్రం ఎవరూ ఊడ్చని నక్షత్రాలు
కుప్పలు కుప్పలు.
ఆవు మెడగంట ఒకటి మోగి ఊరుకుంది.
"చలి. తలుపెయ్యి" అన్నాను.
వచ్చి, చల్లబడ్డ పాదాలు నా పిక్కలకానించి
చాలాసేపటికి అన్నాడు:
"జూలైలో ఒకసారి వద్దాం, పైన పడుకుందాం అనేవాడు వాడు."

పొద్దున శిఖరం మీద
చెరువు పక్కన కంకర మైదానం,
ఏటా ఆయన యంత్రాన్ని వెనక్కి తిప్పిన చోటు.
అటువైపు దారి వేరే వాళ్లది,
వేరే మనుషులు, వేరే బ్లేళ్లు.
అక్కడ బండి ఆపి
తాళాలు నా ఒడిలో పెట్టాడు.
"ఇక్కణ్ణుంచి నాకు తెలీదు."

నేను నడిపాను.
మూడో మలుపు రాకముందే
అద్దానికి తల వాల్చి నిద్రపోయాడు, నోరు తెరుచుకుని.
వెనకాల పార
ప్రతి వంపులోనూ
ఆ పక్కకీ ఈ పక్కకీ దొర్లుతూనే ఉంది.